కట్టుబట్టలతో స్నానం

పోయిన వారం వీరరాఘవమ్మను వీధి వరండాలో నిలబెట్టి వచ్చేశాం. గేటు ముందు తెల్ల కారు ఆగింది. అందులోంచి దిగినవాళ్ళను చూసి ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, నా అన్నవాళ్ళు వచ్చారనుకుంది. ఆ అనుకోవడంలో ఎంత తొందరపడిందో ఈ వారం మీరే చూద్దురుగాని.

మధ్యలో వచ్చి చేరినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. వీరరాఘవమ్మ భర్త పట్టాభిరామయ్యగారు జిల్లా జడ్జీగా ఏలూరులోనే రిటైరయ్యారు. కొల్లేటి హద్దు లోపల తవ్వేసిన చేపల చెరువుల గట్లు కొట్టెయ్యాలని పదవిలో ఉండగా ఆయనో తీర్పు రాశారు. ఆ తీర్పును ఏ ఆఫీసూ పట్టించుకోలేదు. ఆయనకు ఒళ్ళు మండింది. "రాసింది నేనే, జరిపించేదీ నేనే" అంటూ నల్లకోటు విప్పి ఖద్దరు చొక్కా తొడిగి, ఎన్నికల్లో నిలబడి ఎమ్మెల్యే అయ్యారు. మొదటి గండి మన పార్టీవాళ్ళ చెరువుకే కొట్టిస్తానని మైకులో చెప్పారు. చెప్పినట్టే ఆ చెరువులు చూడ్డానికి బయల్దేరిన రోజున, కొల్లేటి గట్టు మీద చేపల మేత లారీ అడ్డం పెట్టి, పట్టపగలు ఆయన్ని నరికి చంపారు. మర్నాడు, చెరువుల దగ్గర కాపలా కాసే అఖిల్ అనే కుర్రాడు పోలీస్‌స్టేషన్‌కి వెళ్ళి లొంగిపోయాడు. మా నాన్న తోమాకి ఈ జడ్జీయే యావజ్జీవం వేశాడు, అందుకే చంపానన్నాడు. లోకం నమ్మింది, వీరరాఘవమ్మ నమ్మలేదు. అంత కక్షే ఉంటే ఎన్నికలప్పుడు జడ్జీగారి జీపు ముందు జెండా పట్టుకుని ఆ కుర్రాడు ఊరూరా ఎందుకు తిరిగాడని పేపరువాళ్ళను అడిగింది. 

ఇక కథలోకి వద్దాం. కారులోంచి ముందు దిగింది కోదండరామయ్యగారు. పార్టీకి జిల్లా అధ్యక్షుడు. అది ఇప్పటి మాట. తాడేపల్లిగూడెంలో వీరరాఘవమ్మ తండ్రి ఉల్లిపాయల కొట్టుకు ఆనుకునే ఆయన బెల్లం కొట్టు ఉండేది. ఆవిడ పెళ్ళి మాటలు నడిపింది కూడా ఆయనే. అప్పట్నుంచీ ఆవిడకు ఆయన బాబాయిగారే. ఆయన వెనకాలే ఆంజనేయప్రసాద్, అతని భార్య భాగ్యలక్ష్మి దిగారు.

ఈ ప్రసాద్ గురించి కాస్త చెప్పుకోవాలి. వీరరాఘవమ్మకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఇతనే అక్కయ్యగారూ అంటూ ఒకనాడు గుమ్మం ఎక్కి, ఆ వరస నిలబెట్టుకున్నాడు. ఎన్నికల్లో బావగారి వెనకాల నీడలా తిరిగాడు. పెద్దకర్మనాడు పుట్టింటి చీర ఎవరు పెడతారని చుట్టాలంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే, నేను లేనా అంటూ సన్నంచు గోధుమరంగు చీర తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. వీళ్ళు కారు దిగిన ఈ వేళ కూడా ఆవిడ ఒంటి మీద ఉన్నది ఆ చీరే. కొల్లేట్లో అతనికి చెరువులున్నాయన్నది ఆవిడకు తెలియని సంగతి కాదు. ఆ చుట్టుపక్కల చెరువు లేని పెద్దమనిషి ఎవరున్నారు గనక? ఇకపోతే మనిషికి ఆచారం పట్టింపు జాస్తి. పిల్లి ఎదురైతే కారు ఆపించి, మంచినీళ్ళు తాగి గానీ కదలడు. వట్లూరులో ఇల్లు కట్టుకుని, దిక్కు కుదరలేదని వీధి గుమ్మం రెండుసార్లు పీకించాడు. జడ్జీగారు పడీపడీ నవ్వేవారు.

"రండి బాబాయిగారూ. రా ప్రసాదూ. భాగ్యం, నువ్వూ వచ్చావా తల్లీ" అని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది వీరరాఘవమ్మ. జడ్జీగారి మేనల్లుడు జయంత్ వచ్చి ఫ్యాను వేసి, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. జడ్జీగారు పోయిన దగ్గర్నుంచీ అత్తయ్యకు తోడుగా ఆ ఇంట్లోనే ఉంటున్నాడు.

కోదండరామయ్యగారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

"అమ్మాయీ, మూడు రోజులుగా ఒకటే తిరుగుడు. ఎట్టకేలకు అందర్నీ ఒప్పించాం. ఉపఎన్నికలో నీ మీద ఎవ్వరూ పోటీ పెట్టరు. అన్ని పార్టీలూ సరేనన్నాయి. పోయిన మనిషి మీద గౌరవం అమ్మా. నువ్వు నామినేషన్ మీద సంతకం పెడితే చాలు, ఏకగ్రీవం."

"మీరు ఇల్లు కదలక్కర్లేదు అక్కయ్యగారూ" అన్నాడు ప్రసాద్. "ఊళ్ళు తిరగడాలూ, మైకు పట్టుకోడాలూ ఏమీ ఉండవు. ఎండలో మీరు తిరుగుతుంటే నేను చూడలేనండీ. ఆఫీసు పనులూ అవీ అన్నీ నేను చూసుకుంటాను."

నిజం చెప్పాలంటే వీరరాఘవమ్మ ప్రాణం అలిసిపోయి ఉంది. పరామర్శకు వచ్చేవాళ్ళూ, కెమెరాలూ, పోలీసులూ, అడిగిందే అడగడాలూ. ఆయన కుర్చీలో ఇంకెవరో కూర్చోవడం కన్నా తను కూర్చోవడం నయమేనేమో అనిపించింది. సంతకమేగా అనుకుంది.

"మరి కేసో?" అంది.

కోదండరామయ్యగారు ప్రసాద్ వైపు చూశారు. ప్రసాద్ గొంతు తగ్గించాడు.

"కేసులో ఇంకేముందండీ? కుర్రాడు ఒప్పేసుకున్నాడు. మీరు మొన్న పేపరువాళ్ళతో ఏదో అన్నారట. అలాంటివి ఇక వద్దండీ. అందరూ ఇంత మర్యాద చేస్తున్నప్పుడు మనమూ ఆ మాత్రం మర్యాద చూపించాలి కదా. బావగారి ఆత్మ శాంతిస్తుంది."

"అంటే నేను నోరు మూసుకుంటే నాకు కుర్చీ."

"అయ్యో, అంత మాట ఎందుకమ్మాయీ?" అన్నారు కోదండరామయ్యగారు నొచ్చుకుంటూ. "నిన్ను కష్టపెట్టకూడదనే గదా మా బాధ."

కాఫీ పెట్టుకొస్తానని లేచింది వీరరాఘవమ్మ. ఆలోచించుకోవడానికి ఆవిడకు వంటిల్లే చోటు. చిన్నప్పట్నుంచీ అంతే.

భాగ్యలక్ష్మి వెనకాలే వచ్చింది. ఒట్టి వాగుడుకాయ గానీ, మనసు వెన్న. వస్తూనే గ్లాసులు కడగడం మొదలెట్టింది.

"నాలుగెందుకండీ వదినగారూ, మూడు చాలు. మా ఆయన తాగరండీ."

"అదేమిటి? పెద్దకర్మ అయ్యి ఎన్నాళ్ళయింది? ఇంకా ఏం మైల?"

"అమ్మో, ఆయన సంగతి మీకు తెలీనిదేముందండీ? ఏటి సూతకం అంటారు. సంవత్సరీకాలు అయ్యేదాకా ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. ఇంటికెళ్ళగానే మళ్ళీ స్నానం. పెద్దకర్మనాడూ అంతే. అన్నయ్యగారు పోయిన రోజైతే సరేసరి. పాపం ఆ రోజు రెండుసార్లు చేశారండీ."

"రెండుసార్లా?" అంది వీరరాఘవమ్మ, పాలగిన్నె స్టవ్వు మీద పెడుతూ. మాటకు మాటగా అడిగిందే తప్ప ఇంకే ఉద్దేశమూ లేదు.

"అవునండీ. పొద్దున్న మీ ఇంటికొచ్చారు కదా? ఇక్కణ్ణుంచి రావడం రావడం తిన్నగా పెరట్లోకి పోయి పంపు కింద కూర్చున్నారు, కట్టుబట్టలతో. చెప్పులు కూడా అక్కడే వదిలేశారు. నేనింకా ఇడ్లీ కుక్కర్ దించనే లేదు. ఇదేమిటండీ చావింటి నుంచి వచ్చినట్టు, అన్నాను. నా నోట్లో మట్టి కొట్టా, ఆ వేళే ఆ మాట అనాలా చెప్పండి? కసురుకున్నారు. దార్లో ఎవరిదో శవం ఎదురైందిలే అన్నారు. మళ్ళీ సాయంత్రం అన్నయ్యగారిని ఇంటికి తెచ్చాక, మీ దగ్గర్నుంచి వచ్చి ఇంకోసారి."

వీరరాఘవమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"భాగ్యం, మొదటి స్నానం కబురు తెలిశాకేనా?"

"కబురెక్కడండీ! కబురు మధ్యాహ్నం కదా తెలిసింది. నేను అన్నాలు వడ్డిస్తుంటే ఫోను..."

అంతే. భాగ్యలక్ష్మి మాట అక్కడే తెగింది. తను ఏమందో తన చెవులకే అప్పుడు వినపడింది పాపం. కడుగుతున్న గ్లాసు చేతిలోంచి జారి సింకులో పడింది. ఇద్దరాడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. పాలు పొంగి స్టవ్వు మీద పడుతున్నా ఎవరూ కట్టలేదు.

ఆ రోజు పొద్దున్న వీరరాఘవమ్మకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. మరిచిపోయేదా అది? ప్రసాద్ వచ్చేసరికి జడ్జీగారు పంచె కట్టుకుంటున్నారు. ఎప్పుడూ బావగారి కారులోనే వెళ్ళేవాడు, ఆ రోజు రాలేనన్నాడు. పెద్దరోడ్డు మీద పనులు జరుగుతున్నాయి, గట్టు మీంచి వెళ్ళండి బావగారూ అన్నాడు. ఆవిడ కాఫీ ఇస్తే అందుకున్నాడు గానీ బల్ల మీద పెట్టేశాడు. గేటు దగ్గర అతని కారులో ఇంకెవరో కూర్చుని ఉంటే, ఎవరయ్యా అది, లోపలికి రమ్మనక, అన్నారు జడ్జీగారు. మా మేస్త్రీ అండీ, తొందర పనుంది అన్నాడు. అని చక్కా పోయాడు. ఎప్పుడు వెళ్ళినా వెళ్ళొస్తానక్కయ్యగారూ అని రెండుసార్లు చెప్పే మనిషి, ఆ పూట ఒక్కసారి కూడా చెప్పలేదు. చావు జరిగిన ఇంట్లోంచి వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళకూడదు కదా. ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు కదా. అన్నీ ఆచారం ప్రకారమే చేశాడు నాయన, మనిషి పోకముందే చేశాడు, అంతే తేడా!

అతను వెళ్ళాక కూడా జడ్జీగారు తొందరపడలేదు. పెసరట్టు ఇంకోటి వెయ్యమన్నారు. అల్లం పచ్చడి బావుందన్నారు. కళ్ళజోడు కనపడక ఇల్లంతా వెతికించి, చివరికి జేబులోనే ఉందని నవ్వారు. మొగుడు తన చేతి పెసరట్టు తింటున్న ఆ వేళకు, అక్కడ వట్లూరులో ఆయన పేరిట స్నానం జరిగిపోయింది.

ముందు దుఃఖం వచ్చింది ఆవిడకు. గట్టు పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత వచ్చిన కోపం ముందు దుఃఖం ఒక లెక్క కాదు. కాఫీ ఇచ్చి, తమ్ముడూ అని పిలిస్తే ఇంత దిగజారుడా? పైగా నోరు మూసుకోమని బేరానికి రావడమా? అవతల తోమా భార్య విక్టోరియా కొడుకు అఖిల్ చెయ్యని హత్యకు జైల్లో కూర్చున్నాడు. ఆవిడ మొగుణ్ణి జైల్లో పెట్టిన చేయి జడ్జీగారిదే, దానికి సాక్ష్యాలున్నాయి. కొడుకును పెట్టినవాళ్ళ దగ్గర ఏముంది? తను ఈ సంతకం పెట్టిందా, ఇక ఆ కేసు గురించి ఏ ఊళ్ళోనూ ఎవరూ నోరెత్తరు. మైకే లేని ఎన్నిక. ఎందుకు ఏకగ్రీవం చేస్తున్నారో ఇప్పటికి తెలిసొచ్చింది.

స్నానం చెయ్యడం నేరం కాదు. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. "అనుమానం సాక్ష్యం కాదు వీరా" అని అన్నం దగ్గర ఎన్నిసార్లన్నారో ఆయన. సరే, కోర్టు ఒప్పుకోకపోతే మానె. ముందు నా ఇంట్లో తేలాల్సింది తేలుతుంది అనుకుంది.

"వదినగారూ" అంది భాగ్యలక్ష్మి. "నేను... నాకు తెలీదండీ. దేవుడి మీద ఒట్టు."

"నీకు తెలీదని నాకు తెలుసు. కాఫీ నాలుగు గ్లాసుల్లో పొయ్యి" అంది వీరరాఘవమ్మ.

లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఒంటి మీద గోధుమరంగు చీర విప్పి మడత పెట్టింది. బీరువాలోంచి ఎర్రంచు ఆకుపచ్చ చీర తీసింది. జడ్జీగారు ఎమ్మెల్యేగా ప్రమాణం చేసిన రోజున కొన్నది. విధవరాలు ఈ రంగులు కట్టుకుందని రేపు వీధి వీధంతా ముక్కున వేలేసుకుంటుంది. వేసుకోనీ. కట్టుకుని, కుచ్చిళ్ళు సర్దుకుని, మడత పెట్టిన చీర మీద కాఫీ పళ్ళెం పెట్టుకుని హాల్లోకి వచ్చింది.

కోదండరామయ్యగారు ఆ చీర చూసి తెల్లబోయారు. ఆవిడ ఆయనకో గ్లాసు ఇచ్చింది. "కాస్త చల్లారనీ అమ్మాయీ" అని ఆయన పక్కన స్టూలు మీద పెట్టుకున్నారు. రెండోది ప్రసాద్ ముందు చాచింది.

"తీసుకో ప్రసాదూ."

"నాకొద్దండీ అక్కయ్యగారూ. మీకు తెలుసుగా, నాకు కాస్త..."

"మైల. తెలుసు. ఎప్పట్నుంచి తమ్ముడూ? ఆయన పోయాక పట్టిందా, పోకముందే పట్టిందా?"

ప్రసాద్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"అదేం మాటండీ?"

"ఆ రోజు పొద్దున్న కాఫీ తాగలేదు. వెళ్ళొస్తానని చెప్పలేదు. ఇంటికెళ్ళి కట్టుబట్టలతో పంపు కింద కూర్చున్నావు. అప్పటికి మీ బావగారు ఇదిగో, నువ్వు కూర్చున్న ఈ కుర్చీలోనే కూర్చుని పెసరట్టు తింటున్నారు. బతికున్న మనిషికి స్నానం ఎందుకు చేశావు ప్రసాదూ?"

ప్రసాద్ కళ్ళు ఆవిడ మీంచి జారి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య మీద ఆగాయి. భాగ్యలక్ష్మి తల వంచుకుంది. ఆ చూపు చూసి వీరరాఘవమ్మ, ఎంత పని చేశాను, ఈ పిచ్చిదాన్ని ఇరికించానే అనుకుంది. కానీ నోరు జారాక వెనక్కి తీసుకోలేం, ముందుకు పోవడమే.

"ఎవరిదో శవం ఎదురైందండీ" అన్నాడు ప్రసాద్ నీళ్ళు నములుతూ. "దానికి ఇంత రాద్ధాంతమా? బాబాయిగారూ, మీరైనా చెప్పండి. బెంగతో ఆవిడకు మతి చలించినట్టుంది."

"అమ్మాయీ, శాంతించు" అన్నారు కోదండరామయ్యగారు. "ఏదో అనుమానం పెట్టుకుని చేతికొచ్చిన ఏకగ్రీవం..."

"ఏకగ్రీవం నాకొద్దు బాబాయిగారూ."

"వద్దా?"

"వద్దండీ. అవతలివాడు రాకుండా గెలిచే కేసును మా ఆయన ఎక్స్‌పార్టీ అనేవారు. అలాంటి తీర్పు రాయడానికి ఆయనకు చెయ్యి వచ్చేది కాదు. బంట్రోతును వరండాలోకి పంపి, వీధంతా వినపడేలా మూడుసార్లు పేరు పిలిపించేవారు. అయినా రాకపోతే వాయిదా వేసి మళ్ళీ పిలిపించేవారు. ఎదురుగా మనిషి నిలబడాలి, వాడి మాటా వినాలి, అప్పుడే తీర్పు. నేను ఆయన భార్యను. నా ఎదురుగా మనిషి నిలబడాలి. ఊరూరా మైకు పెట్టాలి. ఆయన్ని ఎవరు చంపారో ప్రతి ఊళ్ళోనూ నేను అడగాలి, అవతలివాడు జవాబు చెప్పాలి."

"నీ మీద ఎవరు నిలబడతారమ్మా? ఎవరికి మొహం చెల్లుతుంది?"

"మీ పక్కనే ఉన్నాడుగా."

వీరరాఘవమ్మ పళ్ళెం బల్ల మీద పెట్టి, కింద ఉన్న చీర చేత పట్టుకుని వరండాలోకి నడిచింది. గేటు అవతల పాలప్యాకెట్లు కొనుక్కునేవాళ్ళూ, ఆటోవాడూ, ఎదురింటి మెట్ల మీద ముగ్గుగిన్నె పట్టుకున్న అమ్మాయీ ఉన్నారు. వాళ్ళందరూ ఇటు తిరిగేలా ఆవిడ గొంతెత్తి పిలిచింది.

"ఆంజనేయప్రసాద్! ఆంజనేయప్రసాద్! ఆంజనేయప్రసాద్!"

ముప్పై ఏళ్ళు జడ్జీగారి ఇంట్లో ఉన్న మనిషి. ఏ కోర్టు బంట్రోతూ అంత బాగా పిలిచి ఉండడు. వీధి మొత్తం నిలబడిపోయింది. ప్రసాద్ గబగబా బయటికొచ్చాడు, చొక్కా మెడ దగ్గర తడిసిపోయి ఉంది.

"ఇదేమిటండీ అక్కయ్యగారూ, నలుగురూ చూస్తున్నారు!"

"హాజరయ్యావు. సంతోషం" అందావిడ. "నా మీద నువ్వే నామినేషన్ వెయ్యి. కొల్లేటి ఊళ్ళన్నీ తిరుగుదాం. నువ్వో జీపు, నేనో జీపు. ఇదిగో, ఇది పట్టుకో." మడత పెట్టిన చీర అతని చేతుల్లో పెట్టింది. "పుట్టింటి చీర తమ్ముడు పెట్టాలి. నాకు తమ్ముడు లేడు."

ప్రసాద్ ఆ చీర వంకా, ఆవిడ వంకా చూశాడు. అంతసేపూ మొహాన ఉన్న మర్యాద అప్పుడు పోయింది గానీ, మాటలో మాత్రం అండీ పోలేదు. గోదావరి నీళ్ళు తాగిన నోరు గదా.

"కొల్లేరు చాలా పెద్దదండీ అక్కయ్యగారూ. గట్లన్నీ ఒకలాగే ఉంటాయి. తిరిగేటప్పుడు జాగ్రత్తండీ."

"గట్టు మీంచే వస్తాను. లారీ అడ్డం పెట్టించు. ఈసారి వీధి వీధంతా నా వెనకాల ఉంటుంది."

"పద" అన్నాడు భార్యతో. భాగ్యలక్ష్మి కదల్లేదు. "భాగ్యం ఇక్కడ ఉంటానంటే ఉండనీ" అంది వీరరాఘవమ్మ. "పదమన్నానా!" అని అరిచాడు. ఆ ఇంట్లో అతను గొంతు పెంచడం అదే మొదలు. భాగ్యలక్ష్మి తల వంచుకుని, వీరరాఘవమ్మ చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, వెనకాలే వెళ్ళి కారెక్కింది. వెళ్ళొస్తానని ఈసారి కూడా అతను అనలేదు.

"బాబాయిగారూ, మీరు?" అని కారులోంచే అడిగాడు.

"నువ్వు పదవయ్యా. అమ్మాయికి నేను నచ్చజెప్పి వస్తాను" అన్నారు హాల్లోంచి కోదండరామయ్యగారు.

కారు వెళ్ళిపోయింది. జయంత్ పరుగున వచ్చాడు. "అత్తయ్యా, ఎంత పని చేశావు! రుజువు ఏముందని? పరువునష్టం కేసు వేస్తాడు."

"వెయ్యమను. కోర్టుకు పోవడానికి నాకేం భయమా? ఆ స్నానం సంగతి బోనులో నిలబెట్టి అడిగిస్తాను." అని ఆవిడ వరండా మెట్టు మీద కూలబడింది. "నా బాధ అది కాదురా. ఆ భాగ్యం. ఇంటికెళ్ళాక దాని బతుకేమవుతుంది? నా నోటి దురుసు దాని మీదికి తెచ్చింది."

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే వీధి మలుపు దగ్గర కలకలం రేగింది. తెల్లకారు ఆగింది. తలుపు తెరుచుకుంది. భాగ్యలక్ష్మి దిగింది. లోపల్నుంచి చెయ్యి ఒకటి చీర కొంగు పట్టుకుంటే విదిలించుకుని, వట్టి కాళ్ళతో వెనక్కి నడిచొస్తోంది. చెప్పులు కారులోనే వదిలేసింది కాబోలు. చుట్టూ జనం పోగవడంతో అతను దిగలేక కారు పోనిచ్చాడు.

భాగ్యలక్ష్మి గేటు తీసుకుని లోపలికొచ్చింది. వీరరాఘవమ్మ లేచి ఎదురెళ్ళబోయింది.

"ముట్టుకోకండి వదినగారూ" అంది.

తిన్నగా పూలకుండీల పక్కనున్న పంపు దగ్గరికి వెళ్ళింది. పంపు విప్పి, దాని కింద కూర్చుంది. పట్టుచీరతోనే. నీళ్ళు నెత్తి మీంచి ధారగా కారుతుంటే కళ్ళు మూసుకుని, చేతులు జోడించుకుని కూర్చుంది. చావింటి నుంచి వచ్చిన మనిషి ఎలా చేస్తుందో అలా చేసింది. వీధి అంతా చూస్తోంది. వీరరాఘవమ్మకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. మొగుడు పోయిన రోజున కూడా అంతలా ఏడవలేదేమో ఆవిడ.

భాగ్యలక్ష్మి లేచి, నీళ్ళోడుతున్న కొంగు పిండుకుని, మెట్టు దగ్గరికి వచ్చింది.

"ఇక నేనా గుమ్మం తొక్కనండీ" అంది. పళ్ళు టకటకలాడుతున్నా మాట తడబడలేదు. "వంటింట్లో మీకు సగమే చెప్పాను వదినగారూ. మిగతాది చెప్పేలోపలే నా నోరు పడిపోయింది. ఆ రోజు పొద్దున్న మా పంపు కింద స్నానం చేసింది మా ఆయనొక్కరే కాదండీ."

"ఇంకెవరు?"

"ఇక్కణ్ణుంచి వచ్చిన కారులోంచి ఇద్దరు దిగారు. ఆయన లేచాక రెండో ఆయన కూర్చున్నారు. పొడి పంచె నేనే ఇచ్చాను. మేస్త్రీ కాదండీ."

తడిచెయ్యి ఎత్తి, వీరరాఘవమ్మ భుజం మీంచి హాల్లోకి చూపించింది.

వీరరాఘవమ్మ వెనక్కి తిరిగింది. ఫ్యాను కింద కోదండరామయ్యగారు కూర్చున్నచోటే కూర్చుని ఉన్నారు. తండ్రి స్నేహితుడు, తన పెళ్ళి మాటలు నడిపిన మనిషి. ఆయన పక్కన స్టూలు మీద కాఫీ గ్లాసు పోసింది పోసినట్టే ఉంది. పైన తొరక కట్టింది.

"జయంతూ, గేటుకి తాళం వెయ్యి" అంది వీరరాఘవమ్మ, ఆ గ్లాసు మీంచి చూపు తిప్పకుండా.